మడవడం ఐదు నిమిషాలు, దిద్దడం అరగంట

(తిరుపతిలో వేసవి సెలవుల్లో పిల్లలకూ వాళ్ళ పెద్దవాళ్ళకూ ఒక రిటైర్డ్ సైన్సు మాస్టారు కాగితం విమానాల మీద చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం, మిగతాదంతా ఆయన మాటే.)

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో కూర్చున్న పిల్లకాయలకి ఇంకో నమస్కారం, ఎందుకంటే ఈ రోజు పనంతా మీదే. వెనక కూర్చున్న అమ్మలూ నాయనలూ, మీరు కాసేపు ఫోన్లు చూసుకోండి, నేనేమీ అనుకోను. పావుగంట పోయాక మీకూ తలా ఒక కాగితం వస్తుంది. అప్పుడు మాత్రం తప్పించుకోలేరు.

ఇందాక ఆటోలో వస్తున్నాను. డ్రైవరు అడిగాడు, 'ఏం సార్, మీటింగా?' అని. 'అవునబ్బా, విమానం గురించి మాట్లాడాల' అన్నాను. ఆయన చప్పున ఒక చెయ్యి హ్యాండిల్ మీంచి తీసేసి కొండ వైపు తిరిగి దండం పెట్టాడు! ఎదురుగా బస్సు. నాకు గుండె ఆగినంత పనైంది. ఆయన తప్పేముంది? తిరుపతిలో విమానం అంటే ముందు గుర్తొచ్చేది ఆనంద నిలయ విమానం. బంగారు తాపడం చేసిన ఆ గోపురం, దాని మీద విమాన వేంకటేశ్వరుడు. ఆ తర్వాత గుర్తొచ్చేది రేణిగుంటలో దిగే విమానం. మూడోది, మనది, ఈ కాగితం ముక్క. దీన్ని మన పిల్లకాయలు విమానం అనరు కూడా. ఏమంటారు? గట్టిగా చెప్పండి. ఆ, రాకెట్టు! మా కాలంలోనూ రాకెట్టే, ఇప్పుడూ రాకెట్టే.

సరే, రాకెట్టే అనుకుందాం. మన జిల్లాలోనే శ్రీహరికోట ఉంది. అక్కడ రాకెట్టు పోతుందంటే మిద్దెలెక్కి తూర్పు వైపు చూస్తాం కదా. ఆ రాకెట్టుకీ మన చేతిలో రాకెట్టుకీ తేడా ఏంటి? అది పెద్దది, ఇది చిన్నది అనకండి. అది నాకూ కనిపిస్తోంది. దానికి ఇంధనం ఉంది, పైకి పోయేటప్పుడు కింది నుంచి మండుతూ తోస్తూనే ఉంటుంది. మన దానికి ఎవరు తోస్తారు? మన చెయ్యి. ఎంతసేపు? వదిలే దాకా. చెయ్యి వదిలాక దాన్ని తోసేవాడు లేడు. అంటే ఇది రాకెట్టు కాదు, ఇంజను ఉన్న విమానమూ కాదు. దీన్ని గ్లైడర్ అంటారు. కొంచెం కొంచెంగా కిందికి దిగుతూ, ఆ దిగడాన్నే ముందుకు పోవడంగా మార్చుకుంటుంది. సైకిలు తొక్కకుండా ఘాట్ రోడ్డు దిగినట్టు. తొక్కేది లేదు, దిగుడే దాని పెట్రోలు.

ఇప్పుడు ఒక చిన్న పని చేస్తాను. ఇది మామూలు ఏ ఫోర్ కాగితం, ఇంకా మడవలేదు. దీన్ని ఇట్లా పట్టుకుని వదులుతున్నాను. చూడండి. ఊగింది, పల్టీ కొట్టింది, ఎక్కడో ఆ చివర కుర్చీ కింద పడింది. నేను అక్కడ పడమన్నానా? లేదు. మళ్ళీ వదిలితే మళ్ళీ అక్కడే పడుతుందా? అదీ లేదు. ఎందుకంటారు?

జవాబు చెప్పే ముందు జేబులోంచి ఒకటి తీస్తున్నాను. ఇది ఏంటో చెప్పగలరా? గుండ్రంగా, పల్చగా, అప్పడం ముక్కలాగా, మధ్యలో మాత్రం ఉబ్బెత్తుగా. ఆ వెనక పెద్దాయన కరెక్టుగా చెప్పారు, ఎర్రచందనం కాయ. మన శేషాచలం చెట్టు. కంగారు పడకండి, దుంగ కాదు, రాలిన కాయే. దీనికి నన్నెవరూ పట్టుకుపోరు అనుకుంటున్నాను! ఈ చెట్టు జాతికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు టెరోకార్పస్. అంటే రెక్కల కాయ అని అర్థం. మధ్యలో విత్తనం, చుట్టూ రెక్క. ఇదిగో వదులుతున్నాను. ఏం చేసింది? గిరగిరా, అటూ ఇటూ ఊగుతూ పడింది. తిన్నగా ముందుకు పోలేదు. ఎందుకంటే దాని బరువు సరిగ్గా మధ్యలో ఉంది. చెట్టుకి అదే కావాలి, కాయ మెల్లగా పడితే చాలు, గాలి దాన్ని ఎటో తీసుకుపోయి పారేస్తుంది. చెట్టుకి గురి అక్కర్లేదు. మనకి గురి కావాలి.

కాగితం సంగతీ అంతే. మడవని కాగితానికి బరువు సరిగ్గా మధ్యలో ఉంటుంది. కానీ అది గాల్లో ముందుకు కదిలినప్పుడు గాలి దాన్ని ఎత్తేది మధ్యలో కాదు, ముందు అంచు నుంచి నాలుగో వంతు దగ్గర. ఎత్తే చెయ్యి ముందు, బరువు వెనక. ఏమవుతుంది? ముక్కు పైకి లేస్తుంది, పల్టీ కొడుతుంది. కావిడిలో ముందు కుండ ఖాళీ, వెనక కుండ నిండుగా ఉంటే ఎట్లా నడుస్తాం? అట్లా. అందుకని మనం ఏం చేయాలి? బరువు ముందుకు తేవాలి. కాగితం కొనకుండా, అతికించకుండా బరువు ముందుకు ఎట్లా తెస్తాం? మడతలు పెట్టి. కాగితం విమానంలో మడతలన్నీ ముక్కు దగ్గరే ఎందుకుంటాయో ఇప్పుడు తెలిసిందా? అందం కోసం కాదు. అది బరువు ముందుకు మోసుకొచ్చే పని.

ఇక్కడ నా సొంత గోడు ఒకటి చెప్పాలి. మాది చిత్తూరు దగ్గర పల్లె. మా నాయన బెల్లం మండీలో లెక్కలు రాసేవాడు. మాకు నోటు పుస్తకం కాగితాలు పల్చగా ఉండేవి, వాటితో రాకెట్లు చేస్తే తడిసిన పిట్టల్లా పడేవి. మా నాయన లెక్కల పుస్తకంలో కాగితం మాత్రం మందంగా, బిర్రుగా ఉండేది. ఒక పక్క రాసుంది, ఇంకో పక్క ఖాళీ. రాసిన పేజీతో పనేముంటుంది అనుకున్నాను, చించాను. అబ్బ, ఏం ఎగిరిందండీ! మా ఇంటి ముందు నుంచి వీధి దాటి పోయి ఎదురింటి పెంకుల మీద కూర్చుంది. తీయడానికి నిచ్చెన లేదు. ఆ రాత్రే వాన. పొద్దున్నే కింద పడింది, కాగితం ఉంది, సిరా లేదు. అది ఏ పేజీ అనుకున్నారు? బాకీల పేజీ. ఎవరెవరు మండీకి ఎంతెంత ఇవ్వాలో ఆ పేజీ. మనవాళ్ళు అంటారే, వీపు విమానం మోత మోగింది అని, ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఆ రోజు తెలిసింది. మా నాయన వారం రోజులు ఊరంతా తిరిగి ఆ బాకీలు మళ్ళీ రాసుకొచ్చాడు. నన్ను కూడా వెంట తిప్పాడు. ఎవరింటికి పోయినా ముందు నన్ను చూపించి, తర్వాత లెక్క అడిగేవాడు.

నవ్వండి, నవ్వండి. కానీ కాగితం ముఖ్యం అని చెప్పడానికే ఈ కథ.

మీ చేతుల్లో ఉన్నది జిరాక్స్ షాపు కాగితం. ప్యాకెట్ మీద 80 జీఎస్ఎం అని ఉంటుంది చూడండి, కొన్నిటి మీద 70, 75. ఏంటది? ఒక చదరపు మీటరు కాగితం 80 గ్రాములు తూగుతుందని. మరి ఈ ఒక్క కాగితం ఎంత తూగుతుంది? ఏ ఫోర్ కాగితాలు పదహారు పరిస్తే చదరపు మీటరు అవుతుంది. కొలతలు అట్లా ఎంచి పెట్టారు. 80ని 16తో భాగించండి. ఎవరు చెప్పారు? ఐదు! శభాష్. మీ విమానం బరువు ఐదు గ్రాములు. చిన్న చెంచాడు చక్కెర. ఆ ఐదు గ్రాముల్లో ముందుకు ఎంత, వెనక్కి ఎంత, ఇదీ మన ఆట మొత్తం.

నోటు పుస్తకం కాగితం వద్దు, న్యూస్ పేపరు అసలే వద్దు, మడత నిలవదు. రోజూ పేపరు మధ్యలో పెట్టి పంపిస్తారే, కాలేజీ అడ్మిషన్ల కరపత్రాలు, మన ఊళ్ళో వాటికి కొదవ లేదు, అవి పనికొస్తాయి. కాస్త బరువుంటాయి, గట్టిగా విసరచ్చు. ఇంకో మాట, చెమట చేతులతో పట్టుకోకండి. కాగితం తేమ పీలుస్తుంది. కార్తీకంలో ముసురు పట్టినప్పుడు చేసిన విమానం మధ్యాహ్నానికి రెక్కలు వాల్చేస్తుంది.

సరే, ఇక మడుద్దాం. పెద్దవాళ్ళూ, ఫోన్లు లోపల.

కాగితం నిలువుగా పెట్టండి, పొట్టి అంచు మీ ఎదురుగా. ఒళ్ళో వద్దు. అట్ట మీద, కుర్చీ మీద, నేల మీద, ఎక్కడైనా గట్టి చోట. నిలువుగా మధ్యకి మడిచి, మళ్ళీ విప్పేయండి. ఆ గీత మనకు వెన్నెముక. గీత మీద గోటి వెనక పక్కతో గట్టిగా రుద్దండి. చీర మడతలు అమ్మ చేత్తో రాస్తుంది చూడండి, అట్లా కాదు, ఇంకా గట్టిగా. బండ మీద పచ్చడి నూరినట్టు.

ఇప్పుడు పై మూలలు రెండూ తెచ్చి మధ్య గీతకి ఆనించండి. ఇంటి కప్పులాగా వస్తుంది. కప్పు మూలలు గీత మీద కలవాలి, ఒకదాని మీదొకటి ఎక్కకూడదు. ఎక్కితే? అక్కడి నుంచి అన్నీ వంకరే. ఇక ఆ కప్పు మొత్తాన్ని కిందికి, మీ వైపుకి మడిచేయండి. కప్పు కింది గీత దగ్గర మడత రావాలి. పోస్టు కవరులా ఉందా? కొన మీ వైపు చూస్తోందా? బాగుంది.

తర్వాతది కాస్త ఓపికగా. మళ్ళీ పైన రెండు కొత్త మూలలు వచ్చాయి కదా, వాటిని కూడా మధ్య గీత మీదికి తెండి. కానీ ఈసారి ముక్కు సూదిలాగా రాకూడదు. పైన మూడు నాలుగు సెంటీమీటర్ల వెడల్పు మొద్దుగా ఉండాలి. ఎట్లా కుదురుతుంది అంటారా? కింద ఆ త్రికోణం కొన ఉంది చూడండి, అది రెండు సెంటీమీటర్లు బయటికి కనిపించేలా, దానికి కాస్త పైన మూలలు కలపండి. కొన కనిపిస్తోందా? ఏమ్మా, నీకు కనిపించడం లేదా? అయితే మూలలు మరీ కిందికి తెచ్చావు, విప్పి కొంచెం పైకి జరుపు. ఆఁ, అంతే.

ఆ బుల్లి కొనను పైకి మడవండి, రెండు మూలల మీదికి. తాళం వేసినట్టు. ఈ ఒక్క మడత వల్ల విమానం విచ్చుకోదు. మామూలు రాకెట్టు రెండు మూడు సార్లు పడేసరికి నోరు తెరుస్తుంది, ఇది తెరవదు.

ఇప్పుడు మొత్తాన్ని మధ్య గీత మీద సగానికి మడవండి. లోపలికి కాదు, బయటికి! తాళం బయటికి కనిపించాలి. కడుపు దగ్గర ఉండాలి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు, తాళం లోపలికి పోతుంది. చూసుకోండి. తర్వాత రెక్కలు. కింది మడత నుంచి రెండున్నర సెంటీమీటర్లు వదిలి, పిల్లకాయల వేళ్ళయితే రెండు వేళ్ళ వెడల్పు, రెక్కను కిందికి మడవండి. రెండో పక్క కూడా అంతే, మొదటి రెక్క మీద ఆనించి కొలుచుకోండి. రెక్కలు విప్పి చూడండి. వెనక నుంచి చూస్తే ఇంగ్లీషు వై అక్షరంలా ఉండాలి. రెక్కలు బల్లపరుపుగా వద్దు, కిందికి వాలితే అసలు వద్దు. కాస్త పైకి.

ఎందుకు పైకి? విమానం ఒక పక్కకి ఒరిగిందనుకోండి, ఆ పక్కకే జారడం మొదలుపెడుతుంది. జారినప్పుడు కిందికి ఒరిగిన రెక్కకి గాలి ఎక్కువ కోణంలో తగులుతుంది, అది పైకి లేస్తుంది. తనంతట తానే సర్దుకుంటుంది. రెక్కలు వాలి ఉంటే ఇదే తిరగబడుతుంది, ఒరిగింది ఇంకా ఒరుగుతుంది.

అయిందా? ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఇంటర్నెట్లో చూసినా, అన్న నేర్పినా, అందరూ ఇక్కడి దాకా నేర్పి వదిలేస్తారు. నాకు అదే కోపం. అసలు పని ఇప్పుడు మొదలవుతుంది.

ఒకరు రండి. ఆ పచ్చ గౌను పాప, రా తల్లీ. మొదట దాన్ని ఎగరేయొద్దు. రెండు చూపుడు వేళ్ళు రెక్కల కింద పెట్టి నిలబెట్టు. ఎక్కడ నిలిచింది? అందరూ చూడండి, ముక్కు నుంచి సుమారు ఎనిమిది సెంటీమీటర్ల దగ్గర. విమానం పొడవు పందొమ్మిది. అంటే బరువు మధ్యకి ఇవతలికి వచ్చింది. రెక్క వెనక వెడల్పుగా ఉంది కాబట్టి గాలి ఎత్తే చోటు అవతలికి పోయింది. మనకు కావలసింది అదే.

ఇప్పుడు పట్టుకో. తోక దగ్గర కాదు, ఇప్పుడు నిలబెట్టిన చోటికి దగ్గరగా, కడుపు పట్టుకో. విసరొద్దు. రాయి కాదది. మల్లెపూల బుట్ట ఎదుటి మనిషికి అందించినట్టు, భుజం ఎత్తున, తిన్నగా ముందుకు తోసి వదులు. ఫ్యాను ఎవరైనా ఆపండి నాయనా.

అయ్యో. చూశారా? నాలుగు అడుగులు పోయి ముక్కు నేలకి గుద్దుకుంది. ఇప్పుడు మామూలుగా ఏం చేస్తాం? నిజం చెప్పండి. నలిపి పారేసి ఇంకో కాగితం తీసుకుంటాం. 'ఇది బాలేదు' అంటాం. నా నలభై ఏళ్ళ సర్వీసులో వేలమంది పిల్లలు ఇదే చేశారు. ఈ ఒక్క పని చెయ్యకండి అని చెప్పడానికే నేను ఇంత దూరం వచ్చాను. అది పడిపోలేదు, మీకేదో చెప్పింది.

పాపా, అట్లాగే ఇంకో రెండు సార్లు ఎగరెయ్. ఏమీ మార్చకుండా. చెయ్యి కూడా అంతే ఎత్తులో. ఎందుకు మూడు సార్లు? మూడు సార్లూ ఒకేలా పడితే తప్పు విమానానిది. ఒకోసారి ఒకోలా పడితే తప్పు చేతిది. ఇది తెలుసుకోకుండా విమానాన్ని దిద్దడం మొదలుపెడితే, లేని జబ్బుకి మందు వేసినట్టు.

మూడు సార్లూ ముక్కే గుద్దుకుంది. అయితే విమానానిదే. ముందు బరువు కాస్త ఎక్కువైంది. అందుకని తోకను కొంచెం కిందికి నొక్కాలి, తోక దిగితే ముక్కు లేస్తుంది, తరాజు. తోకను ఎవరు నొక్కుతారు? గాలే నొక్కుతుంది. రెక్కల వెనక అంచును రెండు వేళ్ళ మధ్య పెట్టుకుని పైకి వంచు. మడత కాదమ్మా, మడత కాదు! వంపు. అరటాకు అంచు ఎండకి కాస్త పైకి లేస్తుంది చూడు, అంత. రెండు మిల్లీమీటర్లు. రెండు రెక్కలకీ సమానంగా. వదులు.

ఊఁ. ఈసారి పన్నెండు అడుగులు పోయింది. కానీ ఎడమకి తిరిగింది. కంగారు వద్దు. ముందు కళ్ళతో చూడు, వంచడం తర్వాత. విమానాన్ని వెనక నుంచి, ఒక కన్ను మూసి చూడు. వడ్రంగి చెక్క వంకర చూసినట్టు. ఏం కనిపిస్తోంది? కుడి రెక్క పైకి, ఎడమ రెక్క బల్లపరుపుగా ఉంది, అవునా? ముందు దాన్ని సరిచెయ్. ఇంకా తిరిగితే అప్పుడు కుడి రెక్క వెనక అంచు ఇంకొక్క వెంట్రుకవాసి పైకి. వెంట్రుకవాసి అంటే వెంట్రుకవాసే.

ఇప్పుడు... ఆహా! చూశారా అది పోయిన తీరు? మెట్లు దిగుతున్నట్టు కాదు, నూనె మీద జారినట్టు. ఆ గోడ దాకా. ఈ హాల్లో టైల్సు రెండు అడుగులవి, లెక్కపెట్టండి. పదకొండు టైల్సు. ఇరవై రెండు అడుగులు. పాప భుజం నాలుగు అడుగుల ఎత్తు అనుకుందాం. ఒక అడుగు దిగడానికి అయిదున్నర అడుగులు ముందుకు పోయింది. ఈ లెక్క రాసుకోండి, ఇంట్లో మీ విమానానికి కూడా వేసుకోండి. అదే కాగితం, అదే మడత, అదే చెయ్యి. ఇందాక నాలుగు అడుగులు, ఇప్పుడు ఇరవై రెండు. మధ్యలో ఏం జరిగింది? దిద్దాం. పలక మీద ఓనమాలు దిద్దినట్టు, అంతే.

ఇంకో జబ్బు కూడా చెప్పి ముందుకు పోతాను. కొన్ని విమానాలు పైకి లేస్తాయి, గాల్లో ఒక్క క్షణం ఆగుతాయి, ముక్కు దించి దబ్బున దిగుతాయి, మళ్ళీ లేస్తాయి. అలల్లాగా. అది తోక మరీ ఎక్కువ వంచినందుకు. వంపు తగ్గించండి. అప్పటికీ తగ్గకపోతే ముక్కుకి ఒక జెమ్ క్లిప్పు తగిలించండి. గుండుసూది మాత్రం వద్దు, పక్కవాడి కంటికి ప్రమాదం.

ఇదంతా పిల్లల ఆట, దీనికి ఇంత అవసరమా అని వెనక ఒకాయన ముఖంలో కనిపిస్తోంది. రైట్ సోదరులు ఏం చేశారు మరి? సైకిళ్ళ షాపు పెట్టుకుని బతికే అన్నదమ్ములు. 1900లో, 1901లో, 1902లో వాళ్ళు ఎగరేసింది ఏంటి? ఇంజను విమానాలు కాదు, గ్లైడర్లు. మన లాంటివే, పెద్దవి. 1901 నాటి గ్లైడర్ లెక్క ప్రకారం ఎత్తాల్సినంత ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదు అని అడిగారు. ఒక పొడుగాటి పెట్టె కట్టి, అందులోకి ఫ్యానుతో గాలి తోలి, బుల్లి బుల్లి రెక్కలు రెండొందల దాకా పెట్టి పరీక్షించారు. అప్పుడు తెలిసింది, అంతకుముందు అందరూ నమ్మిన లెక్కలు సరిగ్గా లేవని. 1902 గ్లైడర్‌ని వందల సార్లు ఎగరేసి, దిద్ది, అదుపు సాధించాక ఇంజను పెట్టారు. 1903 డిసెంబరు 17న మొదటి సారి ఎగిరింది ఎంతసేపు? 12 సెకన్లు. ఎంత దూరం? 120 అడుగులు. అదే రోజు నాలుగో సారికి 59 సెకన్లు, 852 అడుగులు. ఒక్క రోజులో!

120 అడుగులంటే ముప్పై ఆరున్నర మీటర్లు. ఇప్పుడు కాగితం విమానం రికార్డు ఎంతో తెలుసా? 2022 డిసెంబరులో అమెరికాలో బోయింగ్ ఇంజనీర్లు డిల్లన్ రూబుల్, గారెట్ జెన్సన్ తయారు చేసింది 88.318 మీటర్లు పోయింది. మన తిరుపతి స్టేషన్లో నాలుగు రైలు పెట్టెలు వరసగా నిలబెడితే దాదాపు అంత పొడవు. ఒక కాగితం! మొదటి విమానం మొదటి సారి పోయిన దూరానికి రెట్టింపు పైన.

నాకు మాత్రం అంతకుముందు 2012 రికార్డంటే ఇష్టం. 69.14 మీటర్లు. అది మడిచింది జాన్ కాలిన్స్ అనే ఆయన, విసిరింది జో అయూబ్. అయూబ్ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు, చెయ్యి అట్లాంటిది. మడిచేవాడు వేరు, విసిరేవాడు వేరు. ఇది నాకెందుకు నచ్చిందంటే, మన ఇళ్ళల్లో ఒకడికి మడత వస్తుంది, ఇంకొకడికి చెయ్యి వస్తుంది, ఇద్దరూ నాదంటే నాదని కొట్టుకుంటారు. కలిసి చేస్తే పోలా? దూరం కాకుండా ఎక్కువసేపు గాల్లో ఉంచే రికార్డు వేరే ఉంది. అందులో జపాన్ ఆయన టకువో టోడా 2010లో 29.2 సెకన్లు నిలబెట్టాడు. ఇప్పుడు అందరూ గోడ మీద గడియారం చూడండి, ముల్లు ఇరవై తొమ్మిది సెకన్లు తిరిగే దాకా ఎవరూ మాట్లాడకండి.

...ఎంతసేపనిపించింది? మీ విమానం మూడు నాలుగు సెకన్లు ఉంటే గొప్ప అని ఇప్పుడు ఒప్పుకుంటారా?

బయట ఎగరేస్తామంటే రెండు మాటలు. గాలికి ఎదురుగా ఎగరేయండి, గాలి వాలుకి కాదు. సాయంత్రం కంటే పొద్దున్నే మేలు, గాలి కుదురుగా ఉంటుంది. పైకి పోయే కొద్దీ గాలి దిక్కూ వేగమూ మారిపోతుంటాయి. మన పక్కన గాదంకిలో రాడార్ పెట్టి కిలోమీటర్ల ఎత్తున గాలి ఎటు వీస్తోందో కొలుస్తారు, ఎప్పుడైనా వాళ్ళు జనాన్ని లోపలికి రానిచ్చే రోజు ఉంటే పిల్లల్ని తీసుకెళ్ళండి. రెండో మాట పెద్దవాళ్ళకి. పిట్టగోడ లేని మిద్దె మీదికి పిల్లల్ని ఎక్కనివ్వకండి. విమానాన్ని చూస్తూ వెనక్కి నడుస్తారు, కాలు ఎక్కడ పడుతుందో చూసుకోరు. గాలిపటాలప్పుడు చెప్పే మాటే ఇదీ.

ఎవరో చెయ్యెత్తారు. ఏం నాయనా? గట్టిగా అడుగు. 'సార్, మళ్ళీ నా దగ్గరికే వస్తుందా?' అంటున్నాడు. వస్తుంది! మంచి ప్రశ్న. వెనక అంచు ఇందాక రెండు మిల్లీమీటర్లు వంచాం కదా, ఇప్పుడు అయిదారు వంచు. మెల్లగా తోయడం కాదు, ఈసారి గట్టిగా, ముక్కు పైకి పెట్టి విసురు. తోక మీద గాలి బలంగా నొక్కుతుంది, ముక్కు లేస్తూనే ఉంటుంది, గుండ్రంగా తిరిగి నీ దగ్గరికే వస్తుంది. ఇదిగో నేను చేసి చూపిస్తాను, అందరూ ఒక అడుగు వెనక్కి. వంచాను. చూసుకున్నాను, రెండు పక్కలా సమానం. ఒకటి, రెండు...

పోయింది. ఎక్కడ? ఆ ట్యూబులైటు పైన, దూలం మీద కూర్చుంది. అవును, నవ్వండి. ఇప్పుడు నిచ్చెన తెస్తామంటున్నారు, వద్దమ్మా, వద్దు. ఈసారి దాని మీద ఎవరి బాకీలూ లేవు. ఎవరైనా నాకు ఇంకో కాగితం ఇవ్వండి.